పంటి సిమెంటు కోసం రెండు సీసాలు

మా ల్యాబులో ఒక గదికి తెల్ల దీపం పనికిరాదు. కిటికీ అద్దాలకు నారింజ రంగు కాగితం అంటించి, లోపల పసుపు బల్బులు పెట్టారు. ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లు ఎవరైనా సరే కామెర్లు వచ్చినవాళ్లలా కనిపిస్తారు. మేం అక్కడ కలిపే ద్రవాలకు వెలుతురంటే పడదు. కలిపిన గిన్నెను మామూలు ట్యూబులైటు కింద మరిచిపోయి టీకి వెళ్లామా, తిరిగొచ్చేసరికి గడ్డకట్టి కూర్చుంటుంది.

ఆ ద్రవాలను మోనోమర్లు అంటారు. పుచ్చిన పన్నును తొలిచి, తెల్లటి మెత్తని ముద్ద పెట్టి, నీలం దీపం చూపించి గట్టిపరుస్తారు కదా, ఆ ముద్దకు ఆధారం ఇవే. విడివిడిగా ఉన్నంతసేపూ అణువులన్నీ నూనెలాగో తేనెలాగో జారుతుంటాయి. నీలం వెలుతురు తగిలిన మరుక్షణం ఒకదాన్నొకటి పట్టుకుని, అల్లుకుపోయి, రాయిలా బిగుసుకుంటాయి. అట్లా బిగుసుకున్నదే రెసిన్. అందులో మెత్తటి గాజు పొడి ముందే కలిపి ఉంచితే పంటి రంగు, పంటి గట్టిదనం వస్తాయి. ఇంత కథ మా వైపు ఎవరికీ అక్కర్లేదు. అందరూ దాన్ని సిమెంటు అనే అంటారు.

నాది పెనుకొండ. ల్యాబు హిందూపురం ఊరి బయట, రేకుల షెడ్ల వరసలో ఒక చిన్న మేడ మీద ఉంది. పొద్దున ప్యాసింజరు అందితే రైలు, అందకపోతే సోమందేపల్లి మీదుగా బస్సు. ఎంఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక కొన్నాళ్లు ఇంటరు పిల్లలకు పాఠాలు చెప్పి, ఈ ఉద్యోగంలో చేరాను. చేరిన రోజు సారు నా చేతికి ఒక సీసా ఇచ్చి తలకిందులు చేసి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. చలికాలం పొద్దు. చుక్క కిందికి రాలేదు. చెయ్యి నొప్పి పుట్టింది గానీ చుక్క మాత్రం రాలేదు.

"ఇదే ప్రపంచమంతా వాడే పాత మోనోమరు," అన్నారు సారు. "మంచి గట్టిది. కానీ ఇంత చిక్కగా ఉంటే గాజు పొడి కలవదు. అందుకని పల్చటిది ఇంకోటి కలుపుతారు. పల్చటిది కలిపితే గట్టిపడేటప్పుడు ముడుచుకుపోతాది. ముడుచుకుంటే పంటికీ దీనికీ మధ్య సందు వస్తాది. సందులో ఏం దూరుతాదో నీకు చెప్పక్కర్లేదు. పైగా నీళ్లు తాగుతాది. ఈ రెండు రోగాలూ లేనిది మనం చెయ్యాల."

సారుది మడకశిర. సంతోషం వచ్చినా కోపం వచ్చినా నోట కన్నడం దొర్లుతుంది. మాటలు తక్కువ. ఆయన కింద ఇద్దరమే కొత్త మోనోమర్లు చేసేవాళ్లం: నేను, నాకంటే చిన్నదైన గోరంట్ల అమ్మాయి. నన్ను అక్కా అంటుంది, నేను పాపా అంటాను. ఇద్దరం పక్కపక్క బల్లల మీద ఏడాదికి పైగా కష్టపడి చెరొకటి తయారు చేశాం. నాదానికి ఆకుపచ్చ మూత పెట్టాను. పాప దానికి ఎర్ర మూత.

నా పచ్చ మూత సీసా చూడముచ్చటగా ఉండేది. నీళ్లలా తేట. వాసన లేదు. పల్చటిది వేరే కలపకుండానే పారుతుంది. పాప ఎర్ర మూత సీసా తెరిస్తే గదంతా పాత ఆముదం వాసన. నిజంగా ఆముదం సంబంధమే. ఆముదం నూనె నుంచి తీసిన ఒక ఆమ్లాన్ని తెచ్చి, దానికి రెండు కొసల్లోనూ వెలుతురికి స్పందించే కొక్కేలు తగిలించింది. రంగు లేత పసుపు. "మీ చేన్లో పంటను ఈడికి కూడా ఎత్తుకొచ్చినావా పాపా?" అని ఆటపట్టించేదాన్ని. వాళ్ల నాయన నిజంగానే ఆముదాలు వేస్తాడు. పాప నవ్వేసి ముక్కు మూసుకునేది.

ఇంట్లో మా నాయనకు నా పని మీద భలే మోజు. పెనుకొండ బజారులో ఆయనది కుట్టుమిషను. చిన్నప్పటి నుంచి దారం పంటితో కొరికి కొరికి, ముందరి పంటి మీద సన్నటి గాడి పడింది. దానికి రెండుసార్లు సిమెంటు పెట్టించాడు. రెండుసార్లూ రాలిపోయింది.

"ఏమ్మా, నువ్వు చేసే సిమెంటు రోంత నాకూ పెట్టియ్యరాదా?" అన్నాడొకనాడు అన్నం తింటూ.

"అది ఇంకా నోట్లో పెట్టేది కాదు నాయనా. పరీక్షలు శానా ఉండాయి. ఏండ్లు పడ్తాది."

"ఏండ్లా! అంతలోపల నాకు పండ్లే ఉండవు గదమ్మా."

మా అమ్మ గిన్నె దించుతూ, "కత్తెర వాడమని నేను పెండ్లయినప్పటి నుంచి చెప్తాండా. సిమెంటు కంటే కత్తెర మేలు," అంది. నాయన మాట మార్చి చట్నీ అడిగాడు.

పోలిక మొదలుపెట్టే రోజు సారు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టారు. పాతది, పచ్చ మూత, ఎర్ర మూత మూడింటినీ ఒకే రకం గాజు పొడితో, ఒకే కొలతలో కలపాలి. ఒకే దీపంతో గట్టిపరచాలి. ముడుచుకోవడం, వంచితే విరిగే బలం, నీరు పీల్చడం, ఎన్ని కొక్కేలు కలిశాయి, ఎన్ని కలవకుండా మిగిలాయి, అన్నీ కొలవాలి.

"ఇంకో మాట," అన్నారు. "ఎవరు చేసింది వాళ్లు కొలిస్తే కండ్లు మోసం చేస్తాయమ్మా. నీది ఆ పాప కొలవాల. పాపది నువ్వు కొలవాల."

నాకు ఆ మాట నచ్చలేదు. నా సీసాను ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఎట్లాగో అనిపించింది. కానీ సారు చెప్పింది న్యాయమే. పచ్చ మూత పాపకిచ్చి, ఎర్ర మూత తెచ్చుకుని, ముక్కుకు మాస్కు కట్టుకున్నాను.

ముడుచుకోవడం కొలిచే పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గాజు పలక మీద ఇత్తడి ఉంగరం, ఉంగరం మధ్యలో చిటికెడు ముద్ద, పైన పల్చటి గాజు రేకు. ఆ రేకు మీద ఒక సూది ఆనించి ఉంటుంది. కింది నుంచి నీలం దీపం వేస్తే ముద్ద గట్టిపడుతూ ముడుచుకుంటుంది, పై రేకు కిందికి గుంజుకుపోతుంది. సూది ఎంత దిగిందో కంప్యూటరు తెర మీద గీత చెబుతుంది. పాత మోనోమరుకు ఆ గీత మెట్ల మీంచి జారినట్టు దిగుతుంది. అది మాకు కంఠతా వచ్చిన గీతే.

నేను పసుపు గదిలో ఎర్ర మూత ముద్ద కలుపుతున్నాను. పక్క గది నుంచి కేక వినిపించింది.

"అక్కా! ఇట్ల రా బిరీన! యాడుండావు? బిరీన రా!"

చేతి తొడుగులతోనే పరిగెత్తాను. పాప తెర ముందు నిలబడి, వేలు చూపించి, "గీత దిగ్తానే లేదక్కా!" అంది.

దిగింది, కొంచెం. కానీ పాతది దిగినదాంట్లో సగం కూడా లేదు. దీపం ఆరిపోయింది. గీత అక్కడే ఆగి, బల్లమీద గీసినట్టు నేరుగా సాగిపోయింది. దీపం సరిగా వెలగలేదేమో అనుకుని ముద్దను గోటితో గిల్లి చూశాను. గోరు జారింది. రాయి! ఇంకోసారి చేద్దామన్నాను. చేసింది. ఇంకోసారి. అదే గీత. నాలుగోసారికి సారు వచ్చి వెనక నిలబడ్డారు. చివరిదాకా చూసి, "చెన్నాగిదె," అన్నారు.

బాగుంది అనడానికి ఆయన కన్నడంలోకి వెళ్లారంటే నిజంగా బాగున్నట్టే. పాప, నేను ఒకరి చేతులొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా ఎగిరాం. నాయనకు ఫోను చేస్తే మిషను చప్పుడులో నా మాట వినబడలేదు. "ఏమైందమ్మా? జీతం పెంచినారా?" అన్నాడు. "కాదు నాయనా, ముడుచుకోలేదు!" అన్నాను. "ఏ గుడ్డ?" అన్నాడు.

తరువాతి వారమంతా అదే ఊపు. అగ్గిపుల్లంత పుల్లలు పోత పోసి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, రెండు కడ్డీల మీద పెట్టి నడుమ నొక్కి విరవాలి. నా పుల్లలు పాతవాటితో సమానంగా నిలబడి, టప్పుమని విరిగాయి. ఎర్ర మూత పుల్లలు అంత బరువు మోయలేదు. కొంచెం వంగి, తరువాత విరిగేవి. ముడుచుకోవడంలోనూ పాతదానికీ నాదానికీ మధ్యలో ఎక్కడో ఆగింది. నేను ఎంత శ్రద్ధగా పోత పోసినా అంతే. పాపకు ఆ అంకెలు చూపించేటప్పుడు కొంచెం ఇబ్బందిగా అనిపించేది. తను మాత్రం, "నీది గెలుస్తాదిలే అక్కా. నాది వాసన చూస్తేనే పేషెంటు పారిపోతాడు," అనేది.

సాయంత్రం రైల్లో ఎదుటి సీటు ఆవిడ, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగిన పాపానికి పెనుకొండ వచ్చేదాకా మోనోమర్ల కథ చెప్పాను. పాపం ఓపిగ్గా విని, దిగేటప్పుడు, "నాకు పైవరసలో ఒకటి ఊగుతాంది, దానికేమైనా మందుందా?" అంది.

రిపోర్టు రాయడానికి ముందు ఒక పని మిగిలింది. పంటికి ఎట్లా అతుక్కుంటుందో చూడాలంటే పీకేసిన పండ్లు కావాలి. ధర్మవరంలో ఒక డాక్టరమ్మ మాకు సాయం చేస్తుంది. పేషెంట్లను అడిగి, వాళ్లు సరేనంటే పీకిన పండ్లను శుభ్రం చేసి సీసాలో దాచి ఉంచుతుంది. వాటిని తెచ్చుకోవడానికి ఒక శనివారం బయల్దేరాను. నాయన కూడా తయారయ్యాడు, మూడోసారి సిమెంటు పెట్టించుకోవడానికి.

క్లినిక్కులో మా ముందు ఒకావిడ కూర్చుని ఉంది. మగ్గం పని ఆవిడదని చేతి వేళ్ల మీది గీతలు చూసి నాయనే కనిపెట్టాడు. పలకరించడం ఆయనకు చిటికెలో పని.

"ఏమ్మా, పంటి నొప్పా?"

"నొప్పి గాదన్నా, సిమెంటు రాలిపోయింది. ఎప్పుడు రాలిందో గూడా తెల్దు. మగ్గం మీద పడుగు దారాల్లో తెల్లగ ఏందో కనపడె. బియ్యపు నూకేమో, పిల్లోళ్లు పడేసినారేమో అని గిల్లితే గట్టిగుండాది. అనుమానమొచ్చి నాలుక పెట్టి చూసుకుంటే పన్ను మొండి!"

నాయన పగలబడి నవ్వాడు. "చీరలోకి నేసేసుకోలేదు, అదే మేలు."

"నేసుంటే కొన్నోళ్లు కొత్త రకం బుటా అనుకుందురు!" అని ఆవిడా నవ్వింది.

"పోగు పంటితోనే కొరుకుతావా?"

"కొరక్క? ముడేసినాక కొస తెంపాల గదా. కత్తెర యాడ పెట్టినానో ఎతుక్కునేలోపల ఇంకో పోగు తెగ్తాది."

"అదీ మాట!" నాయన తొడ చరిచి నా వైపు తిరిగాడు. "విన్నావా? మీ అమ్మకు ఈ మాట ఫోన్లో రికార్డు చేసి పంపు."

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు," అంది. మగ్గం ఆవిడను చూశాక నన్నూ లోపలికి పిలిచి, ఆవిడ పన్నును తెర మీద పెద్దది చేసి చూపించింది.

"చూడు. మధ్యలో నిక్షేపంగా ఉంది. అంచే రాలిపోయింది. నా దగ్గరికొచ్చే నేతవాళ్లకూ టైలర్లకూ ఎక్కువగా ఇట్లాగే జరుగుతుంది. ఒక్క దెబ్బకు విరగదు. నోటి తడిలో నాని నాని, రోజూ కొరికి కొరికి, అంచు కాస్త కాస్త రాలుతుంది. మీ కొత్తదానికి ఈ బాధ ఉండదా?"

ఉండదు అనబోయి ఆగిపోయాను. నాకు తెలియదు! మేం పుల్లల్ని ఒక్క రోజు నానబెడుతున్నాం. నోట్లో ఉండేది ఏళ్లు. మేం నడుమ నొక్కుతున్నాం. కొరికేది అంచుతో. ఎన్నో అంకెలు పోగేశాం గానీ ఈ ఒక్క సంగతి అడగలేదు. ఒక కొత్త ప్రశ్న దొరికింది. నాయనకు సిమెంటు పెట్టేంతసేపూ నేను బయట కూర్చుని, ఫోన్లో పాపతో గబగబా మాట్లాడుతూనే ఉన్నాను.

"నానబెట్టాల పాపా. శానా రోజులు. తరువాత నడుమ గాదు, అంచు మీద నొక్కాల."

"అంచు మీద నొక్కే పరికరం మనకు యాడుంది అక్కా?"

"చేపిద్దాం!"

సోమవారం సారు ముందు ఇదంతా చెబితే ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. రిపోర్టు పై ఆఫీసుకు పంపాల్సిన గడువు దగ్గర్లోనే ఉంది. పచ్చ మూత గెలిచిందని రాసేస్తే అందరికీ సంతోషమే, నాకు మరీ.

"రాసేసి పంపితే నీకు పేరొస్తాది," అన్నారు.

"నానినాక ఎట్లుంటాదో చూడకుండా రాయలేను సార్."

ఆయన గడువు పొడిగించమని ఫోను చేశారు. అంచు మీద నొక్కడానికి సన్నటి కొస ఉన్న ఉక్కు పిన్ను కావాలి. హిందూపురంలో లేతు మిషను ఉన్నాయన దగ్గరికి సారే స్వయంగా వెళ్లి, బొమ్మ గీసి చూపించి చేయించుకొచ్చారు. పోత పోసిన మూడు రకాల చిన్న బిళ్లలూ ఒంటి వేడికి సమానంగా ఉంచే కరెంటు పెట్టెలో, నీళ్లలో మునిగాయి. ఎండాకాలం నడుస్తోంది. మధ్యాహ్నం కరెంటు పోతే మేం ముగ్గురం పెట్టె చుట్టూ మూగేవాళ్లం. "భయం లేదు, బయట గూడా అంతే వేడి ఉండాది," అని పాప నవ్వించేది.

ఎప్పటికప్పుడు బిళ్లలు తీసి, తుడిచి, తూచి, మళ్లీ నీళ్లలో వేస్తాం. బరువు పెరిగితే నీరు పీల్చిందన్నమాట. నేను తూచే ఎర్ర మూత బిళ్లల బరువు పెద్దగా కదల్లేదు. పాప నావి తూస్తోంది. ఒకరోజు తూచాక నా వైపు చూడకుండా చేతులు కడుక్కుంటోంది.

"ఎట్లుండాది?" అన్నాను.

"మల్లొకసారి తూస్తా అక్కా."

"చెప్పు పాపా."

"నీళ్లు తాగ్తాంది. పాతదాని కంటే ఎక్కువ తాగ్తాంది."

వెళ్లి చూశాను. నున్నగా, పంటిలా మెరుస్తూ ఉండాల్సిన నా బిళ్లలు అంచుల్లో మసకబారి ఉన్నాయి. నా మోనోమర్ నడుమ రెండు చోట్ల నీటిని ఇష్టపడే పరమాణువుల గుంపులున్నాయి. వాటివల్లే అది గాజు పొడితో బాగా కలిసేది. వాటివల్లే ఇప్పుడు నీళ్లను లోపలికి పిలుచుకుంటోంది. అట్లా జరగొచ్చని పుస్తకంలో చదివిందే. అయినా కళ్లతో చూస్తే వేరు. ఆ పూట టిఫిను డబ్బా తెరవబుద్ధి కాలేదు.

అంచు పరీక్ష రోజు వచ్చింది. పాప మొదట నా బిళ్ల పెట్టింది. పిన్ను అంచుకు దగ్గరగా దిగింది. చిన్న చిటుకు. అంచు మీది నుంచి గవ్వ ఆకారంలో ఒక పెచ్చు లేచిపోయింది. చిన్న బరువుకే. పాతది నాదానికంటే కాస్త ఎక్కువ మోసి, అదీ పెచ్చులేచింది. తరువాత నా వంతు. ఎర్ర మూత బిళ్ల బిగించి మీట నొక్కాను.

పిన్ను దిగింది. నాది విరిగిన బరువు దాటింది. పాతది విరిగిన బరువు దాటింది. చిటుకు వినబడలేదు. బరువు ఇంకా పెరుగుతోంది. అంచు విరగడం లేదు. పిన్ను కింద చిన్న సొట్ట పడుతోంది, అంతే. ఇంకా పెరిగింది. ఇంకా. ఆఖరికి ఎక్కడో చిటుకుమంది. తెర మీద అంకె చూసి గట్టిగా అరిచాను.

"పాపా! నీ ఆముదం! నీ ఆముదం చూడు!"

"ఏమైందక్కా, పగిలిపాయనా?"

"పగల్లేదే! పగల్లేదు!"

ఇంకో బిళ్ల. ఇంకోటి. ఒకటి సరిగా బిగించక జారిపోయింది, దాన్ని పక్కనపెట్టి మళ్లీ చేశాం. అన్నీ అంతే. పుల్లలుగా పోసి వంచినప్పుడు బలహీనంగా కనిపించిన ఆ వంగే గుణమే ఇక్కడ కాపాడింది. పొడుగాటి నూనె గొలుసు నీటిని దగ్గరికి రానివ్వలేదు, దెబ్బ తగిలితే బిరుసుగా విరగకుండా కాస్త సర్దుకుంది. పాప రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తూ నవ్వుతోంది. నేను గదిలో ఇటు నుంచి అటు తిరుగుతున్నాను. నా సీసా ఓడిపోయిందన్న సంగతి గుర్తుకు రావడానికి కాస్త సేపు పట్టింది. గుర్తొచ్చాక ఒక్క క్షణం కలుక్కుమంది. కానీ కళ్లముందు జరిగింది అంత కొత్తగా ఉంటే, దాన్ని మొదట చూసింది నేనే అయితే, ఎంతసేపని చిన్నబుచ్చుకుంటాను?

సారు వచ్చి విరిగిన ముక్కలను భూతద్దంలో చూశారు. ఆ పూట ఆయన నోట తెలుగు రాలేదు.

సాయంత్రం బస్సుకు నడుస్తుంటే పాప అడిగింది. "అక్కా, నామీద కోపమా?"

"కోపమేంటికి పాపా? నేను నీదాన్ని ముక్కు మూసుకుని కలిపినా. అయినా అది నాకు అన్యాయం చేయలేదు."

"నీది ముడుచుకోదు గదా. నాది ముడుచుకుంటాది. వాసన గూడా పోలేదు."

ఇద్దరం ఆ మాట దగ్గర ఆగిపోయాం. నిజంగానే రోడ్డు పక్కన ఆగిపోయాం. నా అణువులో ఒక పెద్ద వలయం ఉంది. అది గట్టిపడేటప్పుడు తెరుచుకుని చోటు పూడుస్తుంది కాబట్టే ముడుచుకోదు. నీటిని పిలిచే ఆ రెండు గుంపులూ తీసేసి, ఆ చోట పాప నూనె గొలుసు తగిలిస్తే?

"తగులుకుంటాదా?" అంది పాప.

"తగిలిద్దాం."

బస్సు వెళ్లిపోయింది. పక్కన టీ కొట్టు బల్ల మీద ఒలికిన నీళ్లలో వేలితో అణువు బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాం. కొట్టాయన రెండుసార్లు తుడిచాడు, రెండుసార్లూ మళ్లీ గీశాం. "మీకు కాగితమియ్యాల్నా అమ్మా?" అన్నాడు చివరికి.

రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాశాం. పచ్చ మూత ముడుచుకోదు గానీ నానితే బలం పోతుంది. ఎర్ర మూత అంచు నిలబడుతుంది గానీ రంగు, వాసన, ముడుచుకోవడం ఇంకా సరిచెయ్యాలి. రెండూ నోట్లోకి ఇప్పుడే పనికిరావు. కొత్తది చేయడానికి అనుమతి కావాలి. అనుమతి వచ్చింది.

కొత్తది మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. మొదటిసారి వేడి ఎక్కువై ఫ్లాస్కులోనే గడ్డకట్టింది. గాజును పగలగొడితే తప్ప బయటికి రాలేదు. రెండోసారి నూనె వేరు, తేట వేరు అయి, పాలు విరిగినట్టు తేలింది. ఐసు ముక్కల మీద ఫ్లాస్కు పెట్టి, చుక్క తరువాత చుక్కగా వదులుతూ, ఒకరు థర్మామీటరు చూస్తే ఒకరు చుక్కలు చూస్తూ చేశాక ఆఖరికి కుదిరింది. ఆ ద్రవం లేత తేనె రంగులో ఉంది. వాసన చూడటానికి ఇద్దరం భయపడి సారు ముక్కు దగ్గర పెట్టాం. "ఏమీ లేదు," అన్నారు. జలుబేమోనని అనుమానమొచ్చి మేమూ చూశాం. పోయింది! ఎన్నోసార్లు కడిగి శుద్ధి చేశాం కాబట్టి పోయి ఉండాలి.

గీత పచ్చ మూతంత బాగా నిలబడలేదు గానీ ఎర్ర మూత కంటే ఎంతో మేలు. నెలల తరబడి నానబెట్టిన బిళ్ల బరువు దాదాపు కదల్లేదు. అంచు పరీక్షలో అంత బరువు మోసేసరికి పిన్ను వంకరపోయిందేమోనని సారు రెండుసార్లు విప్పి చూశారు. జీవకణాలకు హాని చేస్తుందా లేదా అన్న పరీక్షలు మా దగ్గర కావు. వాటి కోసం నమూనాలు పెద్ద ల్యాబుకు వెళ్లాయి. అక్కడ ఏం తేలుతుందో తెలియదు. అవి తేలేదాకా మాకు పీకిన పండ్లే గతి.

పోయిన వారం పాప, నేను కలిసి ధర్మవరం వెళ్లాం. డాక్టరమ్మ ఒక పీకిన పన్నును తీసుకుని, అంచులో గాడి తొలిచి, మా కొత్త ముద్దతో పూడ్చింది. "చేతికి అంటుకోవడం లేదే!" అంది మొదట. నీలం దీపం చూపించింది. అరగదీసి మెరుగు పెట్టింది. తరువాత మొనదేలిన చిన్న కొక్కెంలాంటి పరికరంతో పన్ను మీద అటూ ఇటూ గీరింది. పన్ను ఎక్కడ అయిపోయిందో మా రెసిన్ ఎక్కడ మొదలైందో కొసకు తగలాలి. మళ్లీ గీరింది. కళ్లద్దాలు మార్చి, దీపం దగ్గరికి లాక్కుంది.

"యాడుంది అతుకు?" అంది, మాతో కాదు, తనలో తనే.

పాప నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇంకో నాలుగు పండ్ల మీద చేస్తాను. ముద్ద ఇంకా ఉందా?" అంది డాక్టరమ్మ.

తెచ్చినదంతా అక్కడే అయిపోయింది. తిరుగు రైల్లో పెనుకొండ రాగానే నేను దిగిపోవాలి. ఆ రోజు ఆదివారం. దిగలేదు. పాప సంచిలోంచి నిమ్మకాయ చిత్రాన్నం తీసి సగం నాకు పెట్టింది. మళ్లీ చేయడానికి ఐసు ఎక్కడ దొరుకుతుంది, సారుకు ఫోను చేసి ల్యాబు తాళం చెవులు అడగాలా వద్దా అని మాట్లాడుకుంటూ ఇద్దరం నేరుగా హిందూపురం వెళ్లిపోయాం.